గాలి ఒక రాత్రి, నీళ్లు వారం: తుఫానుకి మా ఇంట్లో చేసే ఏర్పాట్లు

అక్టోబరు వచ్చిందంటే మా కావలి వైపు ప్రతి ఇంట్లో ఎవరో ఒకరు ఫోన్ చూస్తూ "అండమాన్ దగ్గర ఇంకోటి పుట్టిందంట" అంటుంటారు. వినీ వినీ అలవాటైపోయి సగం మంది పట్టించుకోరు, మిగతా సగం మంది పాల ప్యాకెట్ల కోసం పరిగెత్తుతారు. రెండూ తప్పే. నేను ఏడో తరగతిలో ఉన్నప్పుడు, 1989 నవంబరులో, కావలి తుఫాను మా పెంకుటింటి పైకప్పుని సగం లేపుకుపోయింది. అప్పటినుంచి ఇప్పటిదాకా చూసినవాటిని బట్టి నాకు అర్థమైంది ఇది: గాలికి భయపడి ఒక రాత్రి జాగ్రత్తగానే ఉంటాం, తెల్లారి ఎండ రాగానే ఇక అయిపోయిందనుకుంటాం, కానీ ఆ తరవాత కూడా ప్రాణాలు పోతాయి. అందుకే ఏర్పాట్లు ఆ రాత్రికి కాదు, ఆ తరవాత వారానికి చేసుకోవాలి.

ముందు వార్తలు ఎలా వినాలో చెప్తాను. అల్పపీడనం అనగానే టెన్షన్ పడక్కర్లేదు. అది వాయుగుండం కావాలి, తీవ్ర వాయుగుండం కావాలి, గాలి గంటకి 62 కిలోమీటర్లు దాటాక తుఫాను అవుతుంది, 89కి వస్తే తీవ్ర తుఫాను, 118 నుంచి అతి తీవ్రం. (అమెరికాలో హరికేన్ అనేదీ ఇదే, జపాన్ వైపు టైఫూన్ అనేదీ ఇదే. మా కావలి తుఫాను థాయ్‌లాండ్ సింధుశాఖలో టైఫూన్‌గా పుట్టి, అక్కడి నేల దాటి, బంగాళాఖాతంలోకి వచ్చి మన మీద పడింది.) అలాగని పేరు లేనిదాన్ని చులకనగా చూడొద్దు. 2015 నవంబరులో, 2021 నవంబరులో నెల్లూరు జిల్లాను ముంచిన వానలకి తుఫాను అన్న పేరే లేదు. ఇక టీవీలో "కృష్ణపట్నం పోర్టులో మూడో నంబరు ఎగరేశారు" అంటారే, ఆ నంబర్లు ఓడల కోసం. మనకి కావలసింది వాతావరణ శాఖ వాళ్ల ఆరెంజ్, రెడ్ హెచ్చరికలు, ఇంకా ఒకే ఒక్క ప్రశ్న: అది తీరం ఎక్కడ దాటుతోంది, మనకి ఉత్తరానా, దక్షిణానా?

ఈ ప్రశ్న మా పట్టపుపాలెం (చేపలు పట్టేవాళ్ల పేట) పెద్దవాళ్లు వాతావరణ శాఖ కంటే ముందే అడుగుతారు. ఎందుకంటే మన సముద్రంలో తుఫాను గడియారం ముల్లుకి ఎదురు తిరుగుతుంది. అది పడమరగా వచ్చి మనకి దక్షిణాన తీరం దాటితే, మన మీదికి తూర్పు గాలి, అంటే సముద్రం మీద నుంచి గాలి వస్తుంది, దాంతోపాటు నీళ్లూ వస్తాయి. ఉప్పెన అంటే అదే. మనకి ఉత్తరాన దాటితే గాలి నేల మీద నుంచి సముద్రం వైపు పోతుంది, సముద్రం వెనక్కి తగ్గినట్టు కూడా ఉంటుంది. 1977 నవంబరు 19న తుఫాను చీరాల, నిజాంపట్నం వైపు దాటితే ఉప్పెన వచ్చి వేల మందిని మింగింది దానికి ఉత్తరాన ఉన్న దివిసీమలో. కాబట్టి బాపట్ల దగ్గర దాటుతుందంటే కొత్తపట్నం వాళ్ల లెక్క వేరు, శ్రీహరికోట దగ్గర దాటుతుందంటే మైపాడు వాళ్ల లెక్క వేరు. అయితే అది చివరి గంటల్లో దారి మార్చుకోవచ్చు కూడా, అందుకని "ఉత్తరాన పోతుందిలే" అని తీరంలో కూర్చోకండి.

ఫోన్లు చచ్చిపోయినా ఇది తెలుసుకునే పద్ధతి ఒకటి ఉంది. గాలికి వీపు పెట్టి నిలబడితే తుఫాను కేంద్రం దాదాపు మీ ఎడం చేతి వైపు ఉంటుంది. మొదట ఉత్తరం గాలి కొడుతుంది. అది క్రమంగా ఈశాన్యానికి, తూర్పుకి తిరిగితే కేంద్రం మీకు దక్షిణం నుంచి పోతోందని, సముద్రం మీ మీదికి వస్తుందని అర్థం. వాయవ్యానికి, పడమరకి తిరిగితే ఉత్తరం నుంచి పోతోంది. ఇంటి లోపల కిటికీ సందులోంచి చూసి చెప్పాల్సిన సంగతి ఇది, చూడటానికని బయట నిలబడొద్దు.

ఇక ఇల్లు. పూరిల్లు, రేకుల ఇల్లు, పాత పెంకుటిల్లు అయితే చర్చ లేదు, ఖాళీ చేయాలి. రేకుల మీద ఇసుక బస్తాలు వేసి తాళ్లతో కట్టడం మంచిదే, కానీ అది రేకుల కోసం, లోపల మనుషుల కోసం కాదు. రేకు ఎప్పుడూ అంచు దగ్గర నుంచే లేస్తుంది, లేచాక కత్తితో సమానం. మొన్నటిదాకా మా అమ్మ ఊళ్లోనే ఉండేది, సముద్రానికి రెండు కిలోమీటర్లు. ప్రతిసారీ ఒకటే మాట, "నేను పోతే గేదెనెవరు చూస్తారు, తలుపులెవరు కాస్తారు". వాదించి లాభం లేదని మేము చేసే పని ఏమిటంటే, గేదెని ముందురోజే మిట్ట మీద ఉన్న బంధువుల దొడ్లోకి తోలేస్తాం, నగలు, కాగితాలు అమ్మ సంచిలోనే పెట్టి ఇస్తాం. అప్పుడు ఆమెకి ఆగడానికి కారణం ఉండదు. పెద్దవాళ్లు మొండికేసేది భయం లేక కాదు, వదిలి వెళ్లేదాని మీద దిగులుతో. తోలేయడానికి వీలు కాని పశువులుంటే కనీసం పలుపులు విప్పేయండి. కట్టేసిన గొడ్డు కట్టుకొయ్య దగ్గరే మునిగిపోతుంది, విప్పిన గొడ్డు మిట్ట వెతుక్కుంటుంది.

తీరం గ్రామాల్లో తుఫాను షెల్టర్లు ఉన్నాయి, లేదంటే స్కూలు భవనం. వెళ్లేటప్పుడు చాప, దుప్పటి, టార్చి, మందులు, రెండు పూటలకి తినేది, నీళ్లు, చిన్నపిల్లలుంటే పాలపొడి, ఆడవాళ్లకి ప్యాడ్లు తీసుకెళ్లండి. వెలుగుండగానే వెళ్లండి, గాలి మొదలయ్యాక రాత్రిపూట ఎడ్లబండో ఆటోనో ఎక్కి పోయేదానికంటే ఇంట్లో ఉండటమే మేలు అనిపిస్తుంది, ఆ అనిపించడంలోనే ఆలస్యమైపోతుంది. ఇంట్లో నెలలు నిండిన ఆడపిల్ల ఉంటే రెండు రోజుల ముందే ఆసుపత్రి ఉన్న ఊరికి చేర్చండి. ఏఎన్‌ఎం లేదా ఆశా కార్యకర్తకి చెప్తే వాళ్లే ఏర్పాటు చేస్తారు.

స్లాబు ఇల్లు అయితే ఉండొచ్చు, లోతట్టులో కాకపోతే. మేడ మీద పూలకుండీలు, ఖాళీ డబ్బాలు, విరిగిన కుర్చీలు, బట్టలారేసే స్టాండు, అన్నీ కిందికి దించండి. గాలికి అవన్నీ పక్కింటి కిటికీ మీదికి పోతాయి. ఓవర్‌హెడ్ ట్యాంకు కరెంటు పోకముందే పూర్తిగా నింపేయండి, నిండు ట్యాంకు ఎగిరిపోదు, పైగా తరవాత నాలుగు రోజులు మోటారు తిరగదు. కొబ్బరిచెట్టు ఉంటే కాయలు దింపించండి, మునగచెట్టు కొమ్మలు నరికించండి, మునగ ఎలాగూ విరుగుతుంది. కిటికీ అద్దాల మీద ఇంటూ గుర్తులాగా టేపు అంటించడం వల్ల అద్దం ఆగదు, పెద్ద పెద్ద ముక్కలుగా పగులుతుంది, అంతే. అలాగే ఒక కిటికీ తెరిచి పెడితే గాలి ఒత్తిడి సమానమవుతుందని కొందరు పెద్ద సైన్సు చెప్తారు, నమ్మకండి, లోపలికొచ్చిన గాలే కప్పుని పైకి తోస్తుంది. అన్నీ మూసి గడియలు పెట్టండి.

సరుకుల సంగతి మన ఇళ్లకి కొత్తగా చెప్పాలా, బియ్యం, పచ్చళ్లు ఎప్పుడూ ఉండేవే. పొయ్యి వెలిగించకుండా తినేవి చూసుకోండి: అటుకులు, బొరుగులు, బెల్లం, వేయించిన వేరుశనగపప్పు, రస్కులు. తాగే నీళ్లు మనిషికి రోజుకి నాలుగు లీటర్లు లెక్కేసి ఐదు రోజులకి పెట్టుకోండి. డబ్బు చిల్లర నోట్లలో తీసి పెట్టుకోండి. నెట్‌వర్కు లేకపోతే ఫోన్‌పే లేదు, కరెంటు లేకపోతే ఏటీఎం లేదు, ఐదొందల నోటు ఇస్తే కొవ్వొత్తుల కొట్టతను నవ్వుతాడు. బీపీ, షుగరు మాత్రలు రెండు వారాలకి. ఇన్సులిన్ వాడేవాళ్లు ఫ్రిజ్ పనిచేయదు కాబట్టి సీసాని కవర్లో పెట్టి, తడి ఇసుక మీద మట్టి ముంతలో ఉంచి నీడలో పెట్టుకోండి. ఆధార్, రేషన్ కార్డు, పట్టాదారు పాసుపుస్తకం, బ్యాంకు పుస్తకం, ఇన్సూరెన్సు కాగితాలు పాలిథిన్ కవర్లో వేసి మూతి కట్టి, ఆ కవరుని ఇంకో కవర్లో. ఫొటోలు తీసి ఫోన్లో, ఇంకొక ఊళ్లో ఉన్న మీవాళ్లకి కూడా పంపించండి.

ఫోన్ విషయం ఒకటి. టవర్లకి కరెంటు పోతే బ్యాటరీ మీద కొన్ని గంటలే నడుస్తాయి. అందుకని గాలి పెరిగాక వీడియోలు తీస్తూ కూర్చోకుండా బ్యాటరీ దాచుకోండి. కాల్ కలవకపోయినా ఎస్‌ఎంఎస్ పోయే అవకాశం ఉంది. సెల్లులతో నడిచే చిన్న రేడియో ఇంట్లో ఉంటే ఆకాశవాణి వార్తలు వినొచ్చు, అది పాతకాలం సామాను అని మా పిల్లలు ఎగతాళి చేసేవాళ్లు, 2023 డిసెంబరులో మిచాంగ్ వచ్చినప్పుడు దాని చుట్టూనే కూర్చున్నారు. ఆ తుఫాను మన తీరం పక్కనే మెల్లగా నడుచుకుంటూ పోయి 5వ తేదీన బాపట్ల దగ్గర దాటింది. అలా తీరం పొడుగునా నడిచేవి గాలికంటే వానతో విసిగిస్తాయి.

గాలి మొదలయ్యాక చేసేది తక్కువ. మెయిన్ ఆపేయండి, గ్యాసు సిలిండరు కట్టేయండి, కిటికీలు లేని నడిమి గదిలోనో మెట్ల కిందో కూర్చోండి. కొవ్వొత్తి కంటే టార్చి మేలు.

ఒక్కటి మాత్రం మర్చిపోకండి. 1989లో ఆ రాత్రి ఉత్తరం గాలి చెవులు పగిలేలా కొట్టి కొట్టి ఉన్నట్టుండి ఆగిపోయింది. నిశ్శబ్దం. మా నాన్న లాంతరు తీసుకుని గొడ్ల చావిడి చూసొస్తానని లేచాడు. మా నాయనమ్మ గుమ్మానికి అడ్డం కూర్చుంది, "ఇంకా సగమే అయింది అబ్బయ్యా, కూర్చో" అని. అరగంట అయ్యుంటుందేమో, ఈసారి దక్షిణం నుంచి వచ్చింది, ఒక్కసారిగా, మెల్లగా పెరగడం కూడా లేదు. చావిడి అప్పుడే పడింది. నాన్న అక్కడుంటే ఏమయ్యేదో మా ఇంట్లో ఎవరూ పైకి అనరు. దాన్నే తుఫాను కన్ను అంటారు, కేంద్రం మన నెత్తి మీదుగా పోతుంటే నడుమ వచ్చే ఖాళీ. గాలి కొద్దికొద్దిగా తగ్గితే వెళ్లిపోయినట్టు, టక్కున ఆగితే వెళ్లలేదన్నట్టు. అప్పటిదాకా చాటుగా ఉన్న కిటికీ ఇప్పుడు ఎదురవుతుంది కాబట్టి, ఆ ఖాళీలో చేయాల్సిన పని ఏదైనా ఉందంటే గదిలో అవతలి మూలకి జరగడమే.

తెల్లారింది, వాన తగ్గింది. ఇప్పుడు మొదలవుతుంది అసలు కథ.

తెగిపడిన తీగ ప్రతిదీ బతికున్న తీగే అనుకోండి. "ఊరంతా కరెంటు లేదు కదా" అంటారు. ఎవరో ఒకరు జనరేటరు తెచ్చి ఇంటి వైరింగుకి తగిలిస్తారు, ఆ కరెంటు వెనక్కి లైనులోకి పోతుంది, కింద పడి ఉన్న తీగ పట్టుకున్నవాడో, స్తంభమెక్కిన లైన్‌మనో పోతాడు. పది మీటర్ల దూరంలో ఆగి, పిల్లల్ని ఆపి, 1912కి ఫోన్ చేయండి. తీగ పడి ఉన్న నీళ్లల్లో కాలు పెట్టొద్దు. మీకే జనరేటరుంటే దాన్ని మెయిన్‌కి కలపకుండా నేరుగా ఫ్రిజ్‌కో లైటుకో వైరు లాక్కోండి, బయటే పెట్టండి, వరండాలో కూడా వద్దు. దాని పొగలో వాసన లేని విషం ఉంటుంది, తలుపులేసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టినా అంతే, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. రొయ్యల గుంటల దగ్గర ఏరియేటర్లకని రాత్రంతా జనరేటరు షెడ్డులో పడుకునే కుర్రాళ్లకి ఇది ప్రత్యేకంగా చెప్పండి, మా తమ్ముడికి నేను ప్రతి ఏడూ చెప్తూనే ఉన్నాను.

రేకుల మీదికి ఎక్కి సర్దడం ఇంకో ఘనకార్యం. తడిసిన సిమెంటు రేకు మీద కాలు పెడితే మనిషితో సహా లోపలికి దిగుతుంది. పలక అడ్డం వేసి, కింద దూలం ఉన్నచోటే కాలు పెట్టాలి, తడి ఆరాకే ఎక్కాలి. ఒక రోజు టార్పాలిన్ కింద ఉంటే ఏమీ కాదు.

పాములు. వాటి పుట్టలూ మునిగాయి, అవి కూడా మిట్ట వెతుక్కుంటూ మనింట్లోకే వస్తాయి. పరుపు కింద, కట్టెల మోపులో, చెప్పుల్లో చూసుకోండి. వారం పది రోజులు నేల మీద పడుకోవద్దు, మంచమెక్కి దోమతెర అంచులు పరుపు కిందికి దోపండి. కట్లపాము కరిస్తే నొప్పి కూడా తెలియదు, తెల్లారేసరికి కళ్లు మూతలు పడుతుంటాయి. కరిస్తే గట్టిగా తాడు కట్టడం, కోయడం, నోటితో పీల్చడం, నాటుమందు, ఏదీ వద్దు. కరిచిన కాలో చెయ్యో కదలకుండా ఉంచి 108కి చేసి ఆసుపత్రికి పోవాలి. దారి మునిగి 108 రాలేకపోతే మంచం మీద మోసుకెళ్లండి, నడిపించకండి.

నీళ్లు. మునిగిన బావి, మునిగిన బోరు నీళ్లు తేటగా కనబడ్డా నమ్మొద్దు. చిల్లగింజ అరగదీసి వేస్తే, పటిక తిప్పితే మట్టి కిందికి దిగుతుంది, క్రిములు చావవు. తేరుకున్న నీళ్లని బట్టలో వడకట్టి, తెర్లే దాకా కాచి, ఇంకొక నిమిషం మరగనిచ్చి తాగండి, లేదంటే పంచాయతీ వాళ్లిచ్చే క్లోరిన్ మాత్రలు ప్యాకెట్ మీద రాసిన లెక్కకి వేయండి. విరేచనాలు పట్టుకుంటే లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో ఆరు టీ చెంచాల పంచదార, అర టీ చెంచా ఉప్పు, తలగొట్టి వేయండి, కొద్దికొద్దిగా పట్టండి. ఫ్రిజ్ తలుపు తీయకపోతే నాలుగు గంటలు చల్లగా ఉంటుంది, ఆ తరవాత చేప, కూర అంటూ ఆశపడకండి. వరదనీళ్లలో తిరిగేటప్పుడు కాలికి ఏదో ఒకటి వేసుకోండి, ఎలుకల మూత్రం కలిసిన నీళ్లు పుండులోంచి లోపలికి పోతే లెప్టోస్పైరోసిస్ అని జ్వరం వస్తుంది. పదిరోజులకి ఒళ్లు నొప్పులతో జ్వరమొస్తే డాక్టరుకి "వరదనీళ్లలో నడిచాను" అని మీరే చెప్పండి, అడిగేదాకా ఆగొద్దు.

నీళ్ల గురించి ఇంకో మాట, ఇది నెల్లూరు వాళ్లకి అనుభవమే. ఇక్కడ వాన ఆగిపోయి ఎండ కాస్తుంటే పెన్నా పొంగుతుంది. 2021 నవంబరులో కడప వైపు కురిసిన వానకి చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట 19వ తేదీన తెగింది, ఆ నీళ్లన్నీ పెన్నాలో కలిసి సోమశిల డ్యామ్‌కి వచ్చాయి, అక్కడినుంచి వదలక తప్పలేదు. సోమశిల పట్టేదే 78 టీఎంసీలు. పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయి రైళ్లు ఆగాయి, కోవూరు దగ్గర హైవే దెబ్బతింది, నదికి దగ్గరగా ఉన్న కాలనీలు మునిగాయి. కాబట్టి పెన్నా పక్కన ఉండేవాళ్లు మన ఆకాశం చూసి కాదు, సోమశిల నుంచి ఎన్ని క్యూసెక్కులు వదులుతున్నారో చూసి సామాను దించుకోవాలి. ఊళ్లల్లో అయితే చెరువు. కలుజు (చెరువు నిండితే నీళ్లు పొర్లి బయటికి పోయే చోటు) పారుతుంటే మంచిదే, కట్ట మీద బుగ్గలు లేచి బురదనీళ్లు కారుతుంటే సచివాలయం వాళ్లకి అప్పుడే చెప్పాలి, చెరువు కింద ఇళ్లు ఖాళీ చేయాలి. చప్టా మీద నీళ్లు పోతుంటే దాటొద్దు. మోకాలి లోతు పారుడు నీళ్లు మనిషిని పడేస్తాయి, ఇంకో జానెడు పెరిగితే కారునే పక్కకి తోస్తాయి. "రోజూ పోయే దారే కదా" అనే మాట ప్రతి ఏడాది ఎవరో ఒకరి ప్రాణం తీస్తోంది.

ఇల్లు కడిగేముందు ఫొటోలు తీయండి. గోడ మీద నీటి మరక, పడిన గోడ, తడిసిన బస్తాలు, అన్నీ తేదీ కనబడేట్టు. మేమొకసారి శుభ్రంగా ఉండాలని అంతా కడిగి ఆరబెట్టి కూర్చుంటే, లెక్క రాసుకోవడానికి వచ్చిన మనిషి "ఏం మునిగింది?" అన్నాడు. ఆయన తప్పూ కాదు. పొలం అయితే ఈ-క్రాప్‌లో (ప్రభుత్వం వాళ్ల పంట నమోదు) నమోదై ఉందో లేదో ముందే చూసుకోవాలి, నీళ్లు నిలిచిన మడి ఫొటో తీసి రైతు సేవా కేంద్రంలో వెంటనే చెప్పాలి, పంట నష్టం 33 శాతం దాటితేనే ఇన్‌పుట్ సబ్సిడీ (పంట పోయినందుకు ప్రభుత్వమిచ్చే సాయం) లెక్కలోకి వస్తుంది. పొగాకు వేసిన ప్రకాశం రైతులకి తెలిసిందే, ముందు కాలువ తీసి నీళ్లు బయటికి పంపండి, కాగితాలు ఆ వెంటనే. పశువు చనిపోతే పూడ్చేముందు పశువుల డాక్టరుతో రాయించుకోండి. మునిగిన కారు, బండి స్టార్టు చేసి చూడొద్దు, ఇంజన్లోకి నీళ్లు పోయుంటే ఆ ఒక్క తాళం తిప్పడంతోనే విరుగుతుంది, తోసుకుని మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లండి.

వాట్సాప్‌లో "ఆనకట్ట తెగింది" అని వచ్చే ఆడియోలు ఫార్వర్డ్ చేసేముందు తహసీల్దారు ఆఫీసుకో 112కో ఒక్క ఫోన్ చేయండి. 2004 సునామీ తరవాత మా తీరంలో ఉత్తి పుకారుకి జనం చీకట్లో పరిగెత్తి పడి దెబ్బలు తగిలించుకున్నారు.

నెలాఖరుకి అన్నీ సర్దుకున్నాక చెత్త కుండల్లో, కొబ్బరి చిప్పల్లో, టైర్లలో నిలిచిన నీళ్లు పారబోయండి, డెంగీ అప్పుడే మొదలవుతుంది. టార్పాలిన్‌ని తడిగా మడిచి అటక మీద పెట్టకండి, రెండు రోజులు ఎండబెట్టి, చిరుగులు టేపు వేసి, పైనే పెట్టుకోండి, డిసెంబరు ఇంకా మిగిలే ఉంటుంది.